మీకు తెలుసా? చీరాల గళ్లకు అర్థం చెప్పిన ఆడవాళ్లు

◆ 1786లో న్యూ ఆర్లీన్స్‌లో గవర్నరు ఎస్తెబాన్ మీరో ఒక ఉత్తర్వు వేశాడు. ఆఫ్రికా సంతతికి చెందిన స్వతంత్ర స్త్రీలు నగలూ ఈకలూ మానేసి, జుట్టు కనబడకుండా రుమాలు కట్టుకోవాలట! ఆ నగరమున్న లూసియానా (ఇప్పుడు అమెరికాలో భాగం) అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉంది. కట్టుకోమన్నారు కదా అని ఆ ఆడవాళ్లు మంచి రంగుల రుమాళ్లు తెచ్చి, మెలికలు తిప్పి గోపురంలా కట్టారు. తల దించుకోవాలని పెట్టిన గుడ్డ కాస్తా సొగసైపోయింది. దాని పేరు ‘టియోన్’. అందులో బాగా పేరుపడినవి మద్రాసు గళ్ల రుమాళ్లు. మద్రాసు రేవు పేరే గానీ, దానికి సరుకు పంపిన మగ్గాల్లో మన తెలుగువాళ్లవీ ఉన్నాయి.

◆ చీరాలలో నేసిన ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పడవెక్కి నైజీరియా చేరేది. నైజర్ నది డెల్టాలోని కలబారీ జనం దాన్ని ‘ఇంజిరి’ అంటారు. (వినగానే నాకు యానాం పక్కనున్న మన ఇంజరం గుర్తొచ్చింది. ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం చేసిన ఊరది.) కొన్న గుడ్డను కలబారీ స్త్రీలు ఉన్నదున్నట్టు కట్టరు. పోగును సూదిమొనతో లేపుతారు, బ్లేడుతో తెంపుతారు, మెల్లగా లాగేస్తారు. ఒక పోగు కాదు, వందలు. ఏది తీయాలో, ఏది ఉంచాలో లెక్క తప్పితే గుడ్డ పాడవుతుంది. చివరికి మన గళ్లలోంచే వాళ్ల నమూనా బయటపడుతుంది, బట్ట జల్లెడలా తేలికవుతుంది. దీన్ని ‘పెలెటె బిటె’ అంటారు, అంటే కోసిన గుడ్డ. పడుగూ పేకా కష్టపడి కలిపిన మన నేతన్న చూస్తే ఏమనేవాడో! ఈ గుడ్డలతో 1982లో అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్రదర్శన పెట్టారు. అక్కడి ఆచార్యురాలు జోఆన్ ఐకర్ వీటిమీద ఏళ్ల తరబడి పనిచేశారు.

◆ చీరాలది కాకపోయినా, అర్థం చెప్పే గుడ్డ ఇంకొకటుంది. అమెరికాలో నల్లజాతి విద్యార్థులు పట్టా పుచ్చుకునేటప్పుడు మెడలో వేసుకునే రంగుల పట్టీ ఘానా వారి ‘కెంటె’. సంప్రదాయం ప్రకారం దాన్ని నేసేది మగవాళ్లే. అయినా ఒక నమూనాకు దేశాధ్యక్షుడు ఎన్‌క్రూమా భార్య ఫాతియా పేరు పెట్టారు, ఆమె ఆయనకు తగిన జోడీ అని. మన దగ్గర సినిమా పేర్లతో చీరలు అమ్మినట్టే అనుకోండి. 1966లో ఆయన పదవి పోయింది. నమూనా మారలేదు, పేరు మాత్రం ‘ఒక్కడు రాజ్యమేలడు’ అని మారింది.

◆ పాత గుడ్డలకు అర్థం చెప్పిన ఆడవాళ్లూ ఉన్నారు. అమెరికాలో అలబామాలోని జీస్ బెండ్ ఊళ్లో ఆడవాళ్లు కుట్టిన బొంతలు 2006లో అమెరికా తపాలా బిళ్లలకెక్కాయి. అవును, మన బొంతల్లాంటివే. వాళ్లలో మిజూరీ పెట్వే, భర్త పోయాక, 1942లో అతని పొలం బట్టలు చింపి బొంత కుట్టింది. అతన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి.