సరుగుడు కొమ్మ నకలు కాదు: క్రిస్మస్ చెట్టుపై అపోహలు, వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే దివిసీమ నుంచి గుడివాడ దాకా క్రైస్తవుల ఇళ్ల ముందు వెదురుబద్దల నక్షత్రం వెలుగుతుంది. నక్షత్రం కట్టగానే ఇంట్లో చెట్టు సంగతి మొదలవుతుంది. బందరు బజారులో దొరికే ప్లాస్టిక్ చెట్టా, కడియం నర్సరీల నుంచి వచ్చే కుండీ మొక్కా, లేక వెనకటిలాగే ఇసుక బక్కెట్టులో నిలబెట్టిన సరుగుడు కొమ్మా? ఈ మూడింటిలో సరుగుడు కొమ్మనే చిన్నచూపు చూస్తున్నాం. అది డబ్బు లేనివాళ్లు పెట్టుకునేదని, అసలైన చెట్టు దొరక్క సర్దుకున్న నకలని చాలామంది నమ్మకం. బంటుమిల్లి లాంటి డెల్టా చివరి ఊళ్లకు, తెలిసి ఎంచుకుని జాగ్రత్తగా నిలబెడితే, అన్నిటికంటే తగిన క్రిస్మస్ చెట్టు సరుగుడు కొమ్మే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. దాన్ని తక్కువ చేస్తున్నవి కొన్ని అపోహలు మాత్రమే.

అన్నిటికీ మూలం, ‘అసలు’ క్రిస్మస్ చెట్టు ఒకటి ఎక్కడో నిర్ణయమై ఉందన్న అపోహ. బైబిలులో క్రీస్తు జననాన్ని చెప్పిన మత్తయి, లూకా సువార్తల్లో నక్షత్రం ఉంది, గొర్రెల కాపరులున్నారు, పశువుల తొట్టి ఉంది. చెట్టు లేదు. మార్టిన్ లూథర్ అడవిలో చుక్కల వెలుగు చూసి మొదటి చెట్టుకు కొవ్వొత్తులు పెట్టాడన్న కథను మన సండే స్కూళ్లలోనూ చెబుతారు. లూథర్ రాతల్లో గానీ, ఆయన కాలపు వారి రాతల్లో గానీ దానికి ఆధారం లేదు. ఆయన పోయిన ఎంతోకాలానికి పుట్టి, 19వ శతాబ్దపు బొమ్మలతో ఊరూరా పాకిన కథ అది. ఆధారం దొరికేది 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ నగరపు వర్ణనలో. అక్కడివాళ్లు క్రిస్మస్‌కు ఇంటి ముందుగదిలో ఫర్ చెట్టు నిలబెట్టి, రంగు కాగితాల గులాబీలు, ఆపిల్ పండ్లు, పల్చటి రొట్టెలు, బంగారు రేకు, మిఠాయిలు వేలాడదీసేవారని అందులో ఉంది. ఫర్ చెట్టునే ఎందుకు పెట్టారు? ఆ చలిదేశంలో మిగతా చెట్లన్నీ ఆకు రాల్చి మోడుగా నిలిచిన వేళ పచ్చగా ఉండేది, చుట్టుపక్కల అడవిలో చేతికందేది అదే గనక. దగ్గర్లో దొరికే పచ్చని చెట్టును ఇంట్లోకి తెచ్చుకోవడమే ఆచారం. అదే పని బందరు తీరంలో చేసినవాడికి దొరికింది సరుగుడు. దాన్ని నకలు అంటే స్ట్రాస్‌బర్గు వాళ్లు చేసిందేమిటో మనకు అర్థం కానట్టే.

దీనికి తోడు, ఇది మిషనరీ దొరలు మతంతో పాటు తెచ్చిపెట్టిన విధి అని మరో మాట. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో, అంటే మచిలీపట్నంలో, దిగింది 1841లో. నోబుల్ గారి బడి 1843లో మొదలైంది. ఇంగ్లండులో సామాన్యుల ఇళ్లలోకి క్రిస్మస్ చెట్టు బాగా వ్యాపించింది 1848లో ఒక లండన్ పత్రిక విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ అచ్చువేశాక. అంటే వాళ్లు బందరు చేరిననాటికి, వాళ్ల దేశంలోనే ఈ ఆచారం ఇంకా ఇంటింటిదీ కాలేదు. కృష్ణకు అవతలి ఒడ్డున, 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ పుట్టుకతో జర్మన్. ఆయన దేశంలో మాత్రం అప్పటికే అది పాత అలవాటు. విశ్వాసం ఒక దారిన, చెట్టు ఒక దారిన వచ్చాయి. కనుక చెట్టు పెట్టనివారి భక్తికి లోటు లేదు, సరుగుడు పెట్టినవారి పండుగకూ లోటు లేదు.

చెట్టే వద్దనేవారి అభ్యంతరాన్ని మాత్రం గౌరవంగా వినాలి. యిర్మీయా గ్రంథం 10వ అధ్యాయంలో అడవిలో చెట్టు నరికి, వెండి బంగారాలతో అలంకరించి, కదలకుండా మేకులు కొట్టి నిలబెట్టడాన్ని ప్రవక్త ఖండించాడని వారు చూపిస్తారు. పైపైన చదివితే క్రిస్మస్ చెట్టే అనిపిస్తుంది. అయితే ఆ మాటలు క్రీస్తుకు దాదాపు ఆరు వందల ఏళ్ల ముందువి. అక్కడే ఇంకొన్ని వచనాలు చదివితే, పనివాడు చెక్కగా రూపుదిద్దుకున్నది మాట్లాడలేదు, నడవలేదు, దాన్ని మోసుకుపోవాలి, దానికి భయపడనక్కర్లేదు అని ఉంటుంది. అది చెక్క విగ్రహం గురించిన మాట. కొమ్మకు ఎవరైనా మొక్కితే ఆ ఖండన వర్తిస్తుంది; పిల్లలు రంగు కాగితం కట్టే కొమ్మకు వర్తించదు. పైగా యెషయా 60వ అధ్యాయంలో పరిశుద్ధాలయ అలంకారానికి లెబానోను చెట్లు తెస్తారని ఉంది. మనస్సాక్షి ఒప్పక చెట్టు పెట్టనివారిని ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు. పెట్టుకున్న పొరుగింటివారిని విగ్రహారాధకులు అనడం మాత్రం వాక్యానికి లేని అర్థం అంటగట్టడమే.

ఇక వృక్షశాస్త్రం సంగతి. సరుగుడు పైన్ జాతిది కాదు కాబట్టి అది దొంగ క్రిస్మస్ చెట్టు అంటారు. పైన్ జాతిది కాదన్నది నిజమే. ఒక్క పచ్చని పుల్లను తుంచి రెండు చేతుల వేళ్లతో మెల్లగా లాగి చూడండి. గుర్రపు తోకలోని వెంట్రుకలా కనిపించే ఆ పుల్ల కణుపు దగ్గర టక్కున ఊడి వస్తుంది. ఊడిన చోట చుట్టూ వరసగా ఏడెనిమిది సన్నని పళ్లు కనిపిస్తాయి. అవే సరుగుడు అసలు ఆకులు. మనం ఆకు అనుకునే పొడవాటి సూది నిజానికి కణుపులున్న సన్నని కొమ్మ. పిల్లలు ఏరుకునే ముళ్ల బుడిపెల్లాంటి కాయ కూడా పైన్ శంకువు కాదు, పూసిన చెట్టు కాసిన కాయే. నీరు తక్కువ ఆవిరవ్వాలని ఆకులు అంత చిన్నవయ్యాయి. ఉప్పుగాలినీ ఉత్త ఇసుకనీ తట్టుకునే శక్తి దానికి అలా వచ్చింది. వేళ్లలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే గుణమూ ఉంది. పైన్ కాకపోవడం దాని లోపం కాదు. పైన్ అయితే మంగినపూడి ఇసుకలో ఇంత ఏపుగా నిలిచేదీ కాదు.

పైన్ జాతే కావాలని పట్టుబట్టి నర్సరీ నుంచి తెచ్చుకునే కుండీ మొక్క అయినా పైన్ కాదు. మెట్లు మెట్లుగా కొమ్మలు చాపే ఆ అందమైన మొక్క అరకేరియా. దాని పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవి. అందుకే ఇంగ్లీషులో దాన్ని నార్ఫోక్ ఐలాండ్ పైన్ అంటారు, కానీ దాని కుటుంబం వేరు. సొంత దీవిలో అది 50 మీటర్లు దాటి ఎదుగుతుంది. ఇంట్లో అందం కోసం పెంచే పొట్టి మొక్క అనుకుని కరెంటు తీగల కింద, గోడ పక్కన నాటేది ఈ చెట్టునే. తల తుంచితే గుబురుగా వస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. నడిమి మొవ్వు పోతే దాని తీరైన రూపం మళ్లీ రాదు. పక్క కొమ్మను నరికి నాటినా అది నిటారుగా లేవక పక్కకే పాకుతుంది. బంటుమిల్లి చుట్టూ ఉన్నది నీరు నిలిచే నల్లరేగడి వరి నేల, చేపల చెరువుల నేల. నీరు ఇంకిపోయే చోటు కావలసిన ఈ మొక్కకు అక్కడ వేళ్లు కుళ్లే ప్రమాదం ఎక్కువ. ఎత్తైన ఇసుక దిబ్బ, ఖాళీ స్థలం ఉన్నవారు పెంచుకోవచ్చు. లేనివారు పండుగ పది రోజులకు తెచ్చి, చీకటి గదిలో ఎండబెట్టి, సంక్రాంతికి పారేయడం ఆ మొక్కకు అన్యాయం.

ప్లాస్టిక్ చెట్టు కొంటే ఒక చెట్టును కాపాడినట్టే అన్న మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. ఉద్దేశం మంచిదే, లెక్క కుదరదు. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అంచనా ప్రకారం రెండు మీటర్ల కృత్రిమ చెట్టు తయారీ, రవాణాల వల్ల సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కాలుష్యం వెలువడుతుంది. వాడాక కాల్చేసిన నిజమైన చెట్టుతో పోలిస్తే ఇది పదింతలకు పైనే. అంటే పదేళ్లు దాచి వాడితే తప్ప ప్లాస్టిక్ చెట్టు లాభం కాదు. మన తేమకూ ఉప్పుగాలికీ ఆ ఇనుప తీగలు అన్నేళ్లు తుప్పు పట్టకుండా ఉండడం కష్టం. ఆ అంచనా సరుగుడు గురించి కాదు కదా అని అడగవచ్చు. నిజమే, సరుగుడుకు లెక్క ఇంకా తేలిక. ఇక్కడ కొమ్మ కోసం ఎవరూ తోట పెంచరు. రైతు బాదుల కోసం, కాగితం మిల్లుల కోసం సరుగుడు వేసి, కొన్నేళ్లకు కొట్టేస్తాడు. మొదలు లారీ ఎక్కుతుంది, తల కొమ్మలు పొయ్యికి పోతాయి. ఆ తల కొమ్మల్లో ఒకటి మీ ఇంటికొస్తే అదనంగా నరికిన చెట్టు ఒక్కటీ లేదు. ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు కొన్నవారు మాత్రం పారేయవద్దు. ఎన్నేళ్లు వాడితే అంత మేలు.

ఇక్కడే నా వాదనకు ఒక హద్దు ఉంది. ‘ఒక్క కొమ్మే కదా’ అని తీరం వెంబడి పెంచిన రక్షణ తోపుల్లో కత్తి పెట్టడం తప్పు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. తీరాన సరుగుడు తోపులకు, మడ అడవులకు ఉన్న విలువ ఏమిటో మన ప్రాంతానికి వేరెవరూ చెప్పనక్కర్లేదు. సరుగుడు వరస గాలి వేగాన్ని తగ్గిస్తుంది, ఇసుకను పట్టి ఉంచుతుంది. ఆ వరసలో ఏటా పది మంది పది తలలు నరికితే మిగిలేవి సందులే. రైతు తోటలో నిలిచి ఉన్న చెట్టు తల అడగకుండా తుంచుకోవడమూ నష్టమే. మొవ్వు పోయిన చెట్టు పంగలు వేస్తుంది, నిటారు బాదు కానిదానికి ధర రాదు. కొట్టిన తోటలో, డబ్బిచ్చి, నేల మీద పడ్డ తల కొమ్మ తెచ్చుకోవాలి. బాగా గుబురుగా, కింద వెడల్పు, పైన సన్నగా ఉన్నది, వంచితే విరగక వంగేది మంచి కొమ్మ.

తెచ్చాక అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఒకటి ఎదురవుతుంది: పచ్చి కొమ్మ అంటుకోదని. సరుగుడు వంటచెరకుగా పేరు పొందిందే పచ్చిగా కూడా మండుతుందని. పది రోజులు ఇంట్లో ఆరిన సన్నని పుల్లలకు ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక దాని మీదా దాని కిందా కొవ్వొత్తి వద్దు. నరికిన చివరను మళ్లీ కొద్దిగా కోసి, తడి ఇసుకలో దింపి, రోజూ మామూలు నీళ్లు పోస్తే చాలు. పంచదార, ఆస్పిరిన్ మాత్రలు కలపడం వల్ల ఒరిగేదేమీ లేదు. మంచు కోసమని దూది అతికించడం మానాలి. సువార్తల్లోని క్రీస్తు జనన వృత్తాంతంలో మంచు ప్రస్తావనే లేదు, దూది మాత్రం క్షణంలో అంటుకుంటుంది. దానికి బదులు తాటాకు నక్షత్రాలు, వెండి రంగు పూసిన సరుగుడు కాయలు, దారానికి గుచ్చిన పేలాలు ఆ సన్నని కొమ్మలకు బరువు కూడా కావు.

సీరియల్ బల్బుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాతరకం సెట్టులో 230 వోల్టులను ఇరవై బల్బులు పంచుకుంటాయనుకుంటే ఒక్కోదానికి పదకొండు పన్నెండు వోల్టులు. మాడిన బల్బును తీసేసి రెండు తీగలూ మెలిపెడితే వెలుగు తిరిగి వస్తుంది, కానీ మాడిన దాని వాటా మిగతావాటి మీద పడుతుంది. ఇలా మూడు నాలుగు తీసేస్తే మిగిలినవి వేడెక్కి మాడతాయి, తీగ తొడుగు మెత్తబడుతుంది. ఎల్ఈడీలకు వేడి తక్కువే, అయినా చవక సెట్టులో తీగ నిండా ఇంటి కరెంటే పారుతుంది. దాని కింద తడి ఇసుక, ఇనుప బక్కెట్టు, చుట్టూ పాకే పసిపిల్లలు. అందుకని ఇనుప బక్కెట్టు బదులు ప్లాస్టిక్ బక్కెట్టు వాడండి, అతుకుల తీగలు పారేయండి, ప్లగ్గు నేలకు ఎత్తున పెట్టండి, పడుకునే ముందు స్విచ్చి కట్టేయండి. పండుగ కాగానే కొమ్మ ఎండిపోకముందే అలంకారాలు విప్పి, పుల్లలు పొయ్యిలోకి, కాయలు వచ్చే ఏటి నక్షత్రాల పెట్టెలోకి చేర్చండి.