కావడి లెక్క తెలిస్తేనే సైకిల్ ర్యాక్!

క్యారవాన్ అనగానే మనకు గుర్తొచ్చేది షూటింగ్ స్పాట్‌లో హీరోగారి ఏసీ బస్సు. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం వేరు. దానికి ఇంజిన్ ఉండదు, డ్రైవర్ సీటు ఉండదు. రెండు చక్రాల మీద నిలబడ్డ చిన్న ఇల్లు అది. పడుకోవడానికి మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు, బుల్లి టాయిలెట్.. అన్నీ అందులోనే. కారు వెనక తగిలించుకుని సెలవులకు లాక్కెళ్లిపోతారు.

బర్మింగ్‌హామ్‌లో ఉండే మా అక్కా బావలు అలాంటిదే ఒక సెకండ్‌హ్యాండ్ క్యారవాన్ కొన్నారు. సామానంతా నింపితే 1,300 కిలోలు. ఏడేళ్ల మా మేనకోడలు అప్పుడే పక్క చక్రాలు తీసేసి సైకిల్ తొక్కడం నేర్చుకుంది. దానికి కార్లు రాని దారి కావాలి. పీక్ డిస్ట్రిక్ట్‌లో మాన్సల్ ట్రెయిల్ అలాంటిదే. మూతపడిన రైలు మార్గాన్ని 8.5 మైళ్ల నడక, సైకిల్ దారిగా మార్చారు. 2011లో పాత రైలు సొరంగాలు కూడా తెరిచారు. ఒకప్పుడు రైలు నడిచిన దారి కాబట్టి పెద్ద ఎత్తులు ఉండవు. చిన్నపిల్లలు హాయిగా తొక్కేయొచ్చు.

సమస్యల్లా మూడు సైకిళ్లు ఎక్కడ పెట్టాలన్నదే. బావ కారుకు పైన బార్లు బిగించే వీలు లేదు. కారు వెనక క్యారవాన్ ఉంటుంది. మిగిలింది క్యారవాన్ వెనక భాగం ఒక్కటే.

"ఏం బావమరిదీ, బీటెక్ మెకానికల్ కదా! నాలుగు రాడ్లు బిగించి ఒక స్టాండ్ చేసి పడెయ్" అన్నాడు బావ. నేను చదివింది మెకానికల్, చేస్తోంది సాఫ్ట్‌వేర్. అయినా మన ఇళ్లల్లో ఇంజినీర్ అంటే ఇంజినీరే. ఫ్యాన్ తిరక్కపోయినా పిలుస్తారు.

నాన్న అడిగిన ఒక్క ప్రశ్న

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ బాడీలు కట్టారు. వీడియో కాల్‌లో క్యారవాన్ చుట్టూ తిప్పి చూపించాను. ఏ రాడ్డు వాడాలి, ఎంత మందం ఉండాలి అని అడుగుతారనుకున్నా. ఆయన అడిగింది ఒక్కటే.

"ఇరుసు ఎక్కడుందిరా?"

చూపించాను. కాసేపు ఆగి అన్నారు: "తోక బరువెక్కితే ముక్కు తేలిపోద్దిరా. లారీ అయితే స్టీరింగ్ తేలికవుద్ది, డ్రైవర్‌కి తెలిసిపోద్ది. దీనికి స్టీరింగే లేదుగా. ఇష్టమొచ్చినట్టు ఊగుద్ది."

ఇంజినీరింగ్ భాషలో దీనికి రెండు లెక్కలున్నాయి. ర్యాక్ ఎంత గట్టిగా ఉందన్న లెక్క మూడోది. నిజానికి అన్నిటికన్నా తేలికైంది కూడా అదే.

మొదటి లెక్క: ముక్కు బరువు

క్యారవాన్ ముందు కొస కారు వెనకున్న బంతిలాంటి కొక్కెం మీద కూర్చుంటుంది. అక్కడ పడే బరువును నోస్ వెయిట్ అంటారు. క్యారవాన్ నిండు బరువులో ఇది 5 నుంచి 7 శాతం ఉండాలని అక్కడి సాధారణ సలహా. 1,300 కిలోలకు అది 65 నుంచి 91 కిలోలు. కారుకు, కొక్కేనికి, క్యారవాన్‌కు విడివిడిగా గరిష్ఠ పరిమితులుంటాయి. వాటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు.

దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు. నేల చదునుగా ఉన్నచోట చక్రాలకు అడ్డు పెట్టాలి. బాత్రూంలో బరువు చూసుకునే మెషిన్ మీద ఒక చెక్క దిమ్మె నిలబెట్టి, కారుకు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే క్యారవాన్ ముక్కును దాని మీదికి దించాలి. మాది 84 కిలోలు చూపించింది.

ఇక పార్కులో పిల్లలు ఆడే సీసాను ఊహించుకోండి. మధ్యలో ఇరుసు. ముందు కొక్కెం 4 మీటర్ల దూరంలో ఉంది. వెనక సైకిళ్లు వేలాడే చోటు 3.2 మీటర్ల దూరంలో ఉంది. పెద్ద సైకిళ్లు రెండూ 28 కిలోలు, చిన్నది 8, ర్యాక్ 12 అనుకుంటే మొత్తం 48 కిలోలు. 48ని 3.2తో గుణించి 4తో భాగిస్తే 38. అంటే వెనక 48 కిలోలు తగిలిస్తే ముందు 38 కిలోలు ఎగిరిపోతాయి. 84 కాస్తా 46కు పడిపోతుంది. 5 శాతం మాట దేవుడెరుగు, 4 కూడా ఉండదు.

ఇవి మామూలు సైకిళ్ల లెక్కలు. ఈ-బైక్‌లు చాలావరకు ఒక్కొక్కటే 20 కిలోలు దాటుతాయి. మీవి అవైతే లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోండి.

రెండో లెక్క: కావడి

"అయితే ముందు డబ్బాలో ఇంకో యాభై కిలోలు పెడితే సరిపోతుందిగా?" అన్నాడు బావ. బాత్రూం మెషిన్ మీద సరిపోతుంది. రోడ్డు మీద సరిపోదు.

కావడి మోసేవాళ్లను గమనించే ఉంటారు. రెండు కొసలకూ బిందెలు. సమానంగానే ఉంటుంది. కానీ ఒక్కసారి అది పక్కకు తిరగడం మొదలుపెడితే ఆపడం కష్టం. అవే బిందెలు నడుముకు దగ్గరగా పట్టుకుంటే అంత కష్టం ఉండదు. బరువు అదే, మారింది దూరం. ఇలా తిరిగేటప్పుడు దూరం మామూలుగా కాదు, వర్గంగా లెక్కలోకి వస్తుంది. ఇరుసుకు అర మీటరు దూరంలో ఉన్న కిలో కన్నా, 3.2 మీటర్ల దూరంలో ఉన్న కిలో తిరుగుడును దాదాపు 40 రెట్లు మొండిగా చేస్తుంది.

హైవే మీద పెద్ద లారీ పక్క నుంచి దూసుకెళ్తే గాలి క్యారవాన్‌ను ఒక తోపు తోస్తుంది. అది కాస్త ఊగి సర్దుకోవాలి. రెండు కొసలూ బరువెక్కితే సర్దుకోదు. ఊగుడు పెరిగి పెరిగి పాములా మెలికలు తిరుగుతుంది. అక్కడ దాన్ని స్నేకింగ్ అనే అంటారు. ముదిరితే క్యారవాన్ కారును కూడా పక్కకు లాగేస్తుంది. ఆ కారు వెనక సీట్లో మా మేనకోడలు ఉంటుంది. అందుకే ఈ లెక్క కుదిరేదాకా నేను రంపం పట్టుకోలేదు.

చివరికి తేలింది ఇదీ. చిన్న సైకిల్ వెనక వద్దు, క్యారవాన్ లోపల సరిగ్గా ఇరుసు మీద పడుకోబెట్టి కట్టేయాలి. ర్యాక్ 10 కిలోలు దాటకూడదు. అప్పుడు వెనక బరువు 38 కిలోలు. వెనక మంచం కింద ఉండే 22 కిలోల టెంట్ సంచిని ఇరుసుకు కాస్త ముందుకు జరిపాం. మళ్లీ కొలిస్తే నోస్ వెయిట్ 67 కిలోలు. ముందు డబ్బాలో ఒక్క కిలో కూడా అదనంగా పెట్టలేదు.

గోడను నమ్మొద్దు

క్యారవాన్ గోడ చూడ్డానికి గట్టిగా ఉంటుంది. లోపల సంగతి వేరు. మాదాంట్లో బయట పల్చటి అల్యూమినియం రేకు, మధ్యలో థర్మాకోల్ లాంటి ఫోమ్, లోపల ప్లైవుడ్. చెక్క ఫ్రేమ్ ఉండేది అక్కడక్కడే. ఫోమ్ ఉన్నచోట స్క్రూ బిగిస్తే దానికి పట్టు ఉండదు. పైగా ప్రతి రంధ్రం వాన నీటికి ఒక దారి. గోడ లోపల చెక్క చివికిపోవడం పాత క్యారవాన్లకు పెద్ద జబ్బు.

కాబట్టి బరువంతా కింద ఛాసిస్ మీదే పడాలి. ఆ ఛాసిస్ కూడా జింక్ పూత ఉన్న పల్చటి ఉక్కు. కొత్తగా రంధ్రాలు వేయొద్దు, వెల్డింగ్ చేయొద్దు అని మా హ్యాండ్‌బుక్‌లో స్పష్టంగా ఉంది. వెనక ర్యాక్ వద్దని మాత్రం లేదు. మీ హ్యాండ్‌బుక్‌లో వద్దని ఉంటే అక్కడితో ఆగిపోండి.

ఛాసిస్ ఉక్కు దూలాలు రెండింటికీ కింద చెరో 40×40 మిల్లీమీటర్ల, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న చదరపు ఉక్కు గొట్టం పెట్టాను. పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు, మధ్యలో 10 మిల్లీమీటర్ల బోల్టులు. శాండ్‌విచ్‌లా నొక్కి పట్టుకుంటాయి. వెనక్కి జారకుండా ఫ్యాక్టరీ రంధ్రాల్లోనే ఇంకో బోల్టు. గొట్టాల కొసల మీద అడ్డంగా రెండు అల్యూమినియం చానెళ్లు, వాటిలో సైకిల్ చక్రాలు కూర్చుంటాయి.

గతుకుల్లో బరువు మూడు రెట్లు పడుతుందనుకుని లెక్క వేశాను. అప్పుడు కూడా గొట్టంలో పుట్టే ఒత్తిడి 50 మెగాపాస్కల్స్ దగ్గరే ఉంది. మామూలు ఉక్కు వంగడం మొదలుపెట్టాలంటే 235 కావాలి. అయినా కాగితాన్ని ఒక్కదాన్నే నమ్మలేదు. క్యారవాన్ వెనక కాళ్లు నేలకు దించి, ర్యాక్‌కు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు రాత్రంతా వేలాడదీశాం. పొద్దున కొలిస్తే ఎక్కడా వంగలేదు.

నాన్న ఒక ఆటోనగర్ చిట్కా చెప్పారు. నట్లన్నీ లోపల నైలాన్ రింగు ఉన్నవే వాడాలి. బిగించాక నట్టు మీంచి ప్లేటు మీదికి పెయింట్‌తో ఒక గీత గీయాలి. నట్టు కాస్త తిరిగినా గీత తెగిపోతుంది. స్పానర్ అక్కర్లేదు, వంగి చూస్తే చాలు.

రూల్స్ సంగతి

బ్రిటన్‌లో క్యారవాన్ వెనక కారు నంబరుతో పసుపు రంగు ప్లేటు ఉండాలి. ఆ నంబరు గానీ, లైట్లు గానీ సైకిళ్ల చాటున పడకూడదు. మాకు కుడివైపు లైటుకు పెడల్ అడ్డొచ్చింది. అందుకే సైకిళ్ల వెనక ఇంకో లైట్ల బోర్డు, దాని మీద ఇంకో నంబరు ప్లేటు పెట్టాం. సైకిళ్లు క్యారవాన్ వెడల్పును దాటలేదు.

క్యారవాన్ లాగుతున్నప్పుడు మోటార్‌వే మీద 60 మైళ్లు, అంటే గంటకు 96 కిలోమీటర్లు దాటకూడదు. మూడు అంతకన్నా ఎక్కువ లేన్లుంటే కుడి చివరి లేన్‌లోకి వెళ్లకూడదు. మేం మా సొంత హద్దు 55 మైళ్లుగా పెట్టుకున్నాం. ముందు 30, తర్వాత 40, ఆ తర్వాత 50.. అలా పెంచుకుంటూ చూశాం. లారీలు పక్క నుంచి వెళ్లినా క్యారవాన్ ఒక్కసారి కదిలి సర్దుకుంది. ఊగుడు ఆగకపోతే ర్యాక్ విప్పేసి, ట్రెయిల్ దగ్గర సైకిళ్లు అద్దెకు తీసుకోవాలని ముందే మాట అనుకున్నాం.

ఒకవేళ ఊగుడు మొదలైతే ఏం చేయాలో హైవే కోడ్‌లో ఉంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి వేగం మెల్లగా తగ్గించాలి. గట్టిగా బ్రేక్ వేయకూడదు. ఊగుడుకు ఎదురు స్టీరింగ్ తిప్పుతూ కూర్చోకూడదు.

మీరూ చేయాలనుకుంటే ముందు హ్యాండ్‌బుక్ చదవండి, తర్వాత బాత్రూం మెషిన్ బయటికి తీయండి, రాడ్లు కొనడం ఆఖర్న. కారు టాప్ మీదో, ఇరుసు మీదో చోటుంటే అసలు వెనక ర్యాక్ జోలికే వెళ్లకండి.

ఇప్పటికి మూడు ట్రిప్పులు అయ్యాయి. ఆగిన ప్రతిచోటా బావ వంగి పెయింట్ గీతలు చూస్తాడు, నేను కట్టిన బెల్టులు లాగి చూస్తాను. మేనకోడలి సైకిల్ మాత్రం లోపలే, దుప్పటి కప్పుకుని ప్రయాణం చేస్తుంది. "నా సైకిల్‌కి బెడ్‌రూమ్ ఉంది మావయ్యా, నీది వానలో తడుస్తోంది" అని నన్ను ఏడిపిస్తుంది.