గేట్‌వేలో పోర్టుల తనిఖీ ఎందుకు?

సంస్థ నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య కాపలాగా నిలిచేది సెక్యూరిటీ గేట్‌వే. అక్కడ 0 నుంచి 65,535 వరకు సంఖ్యలు గల పోర్టుల ద్వారా రాకపోకలు సాగుతాయి. సురక్షిత వెబ్‌సైట్లకు 443, విండోస్ ఫైళ్ల పంపకానికి 445 వాడుకలో ఉన్నాయి.

సర్వర్ పింగ్‌కు బదులిచ్చినంత మాత్రాన సేవ అందుతున్నట్లు కాదు. అందువల్ల తనిఖీలో ఐపీ చిరునామాతో పాటు పోర్టు సంఖ్యనూ నమోదు చేయాలి. కనెక్షన్ అభ్యర్థనకు అంగీకారం లభిస్తే పోర్టు తెరిచి ఉన్నట్లు. తిరస్కారం వస్తే సాధారణంగా యంత్రం పనిచేస్తున్నా సేవ ఆగినట్లు. సమాధానమే రాకపోతే ఫైర్‌వాల్ అడ్డగిస్తుండవచ్చు, లేదా యంత్రమే అందుబాటులో లేకపోవచ్చు. ఒక్క ప్రయత్నం విఫలమైనంతనే కాక, వరుసగా మూడుసార్లు విఫలమైనప్పుడు హెచ్చరిక వెలువడేలా అమర్చడం మేలు.

మూసి ఉండవలసిన పోర్టులనూ బయటి నుంచి పరీక్షించాలి. 2017 మే నెలలో వనాక్రై మాల్‌వేర్ 445 పోర్టు గుండానే అనేక దేశాలకు వ్యాపించి, బ్రిటన్‌లో ఆసుపత్రుల సేవలను స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. కనుక గేట్‌వే నిబంధనలు మార్చిన ప్రతిసారీ ఈ రెండు తనిఖీలూ తప్పనిసరి.