టీబీ అంటే 'ఆ జబ్బే'నా?

లారీ డ్రైవరుకి టీబీ అని తెలిస్తే చాలు, ఆటోనగర్‌లో తీర్పు వెంటనే వచ్చేస్తుంది: "ఇంకేముంది, ఆ జబ్బే!" హెచ్‌ఐవీ అన్న పేరు మాత్రం ఎవరూ పలకరు. ఈ మాటకు జడిసే గుడివాడ మనిషి గుంటూరు వెళ్లి మందులు తెచ్చుకుంటాడు. రెండు నెలలకి దగ్గు తగ్గుతుంది, బస్సు ఖర్చు దండగనిపిస్తుంది, మానేస్తాడు. ఆర్నెల్ల కోర్సు సగంలో ఆగితే క్రిమి మందుకు లొంగకుండా తయారుకావచ్చు, ఇంట్లో పిల్లలకీ అంటవచ్చు. గుసగుసలాడినవాళ్లకేం పోయింది?

టీబీ గాలిలో వస్తుంది. ఎవరితో తిరిగాడన్న ఆరా దానికి అక్కర్లేదు. దేశంలో టీబీ రోగుల్లో హెచ్‌ఐవీ కూడా ఉన్నవాళ్లు నూటికి ఐదుగురు లేరు. తిరగేస్తే మాత్రం నిజం ఉంది: హెచ్‌ఐవీ ఉన్నవారికి టీబీ ముప్పు పది రెట్లకు పైనే. అందుకే టీబీ తేలిన ప్రతివారికీ హెచ్‌ఐవీ పరీక్ష రాస్తారు, గుడి పూజారికైనా, ఎనభై ఏళ్ల ముసలమ్మకైనా. "నన్నలా అనుకున్నారా" అని అలిగి చీటీ చించేయకండి. షుగర్ పరీక్ష కూడా అప్పుడే చేయిస్తారు. షుగర్ వల్ల టీబీ ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అయినా బందరు లడ్డూ నములుతూ ఇతరుల నడవడి తూచే పెద్దమనిషిని ఎవరూ అనుమానించరు!

రెండూ ఉన్నాయనే తేలిందనుకోండి. ముందు టీబీ మందులు, సాధారణంగా రెండు వారాల్లోపే హెచ్‌ఐవీ మందులు మొదలుపెడతారు (మెదడు టీబీ అయితే ఇంకొంత ఆగుతారు). విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) కేంద్రంలో అవి ఉచితం. ఒకచోట చెప్పింది ఇంకోచోట దాచడమే అసలు ప్రమాదం. టీబీకిచ్చే రిఫాంపిసిన్ హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది, దాన్ని రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సి వస్తుంది. డాక్టరుకి తెలియకపోతే ఆ రెండో మాత్ర ఎవరిస్తారు?

"రెండు మందులూ కలిస్తే జబ్బు ముదురుతుంది" అన్నది కొట్టిపారేయాలనే ఉంది గానీ పూర్తిగా కుదరదు. హెచ్‌ఐవీ మందు మొదలెట్టిన కొన్ని వారాలకు కొందరికి జ్వరం తిరగబెడుతుంది, మెడ దగ్గర గడ్డలు ఉబ్బుతాయి. కోలుకున్న రోగనిరోధక శక్తి టీబీ క్రిమి మీద ఒక్కసారిగా విరుచుకుపడటమే కారణం. డాక్టరుకి చూపించండి, మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

కోర్సు ముగిశాక ఎప్పుడో కఫంలో నెత్తురు కనబడితే ఆర్‌ఎంపీ దగ్గర మళ్లీ అవే టీబీ మాత్రలు! మళ్లీ టీబీయే కావచ్చు. పాత టీబీ ఊపిరితిత్తుల్లో మిగిల్చిన గుంతలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చేరి ఉండొచ్చు కూడా, దానికి టీబీ మందు పనిచేయదు. కఫంలో టీబీ క్రిమిని వెతికే ట్రూనాట్ పరీక్ష చచ్చిన క్రిముల్ని కూడా చూపించవచ్చు కాబట్టి కల్చర్, స్కాన్ అడగండి.

కంచం, గ్లాసు విడిగా పెట్టడం శుద్ధ దండగ, కిటికీలు తెరవండి. సొంత ఊరి పీహెచ్‌సీలోనే పేరు రాయించుకోండి, 2024 నవంబరు నుంచి పోషణకు నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు. కోర్సు మధ్యలో కళ్లు పచ్చబడితే కామెర్ల పసరుకి పరుగెత్తకుండా ఆ రోజే మాత్రలిచ్చిన చోటికి వెళ్లి, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా చేయించుకోండి.