చలనచిత్రము చూచువాని మర్యాద

పురాణశ్రవణమునకు మర్యాద కలదు. దేవళమునకు మర్యాద కలదు. పంక్తిభోజనమునకు మర్యాద కలదు. ఇవి మనకు పెద్దలవలన వచ్చినవి. సినిమాకు మర్యాద యేమని అడిగినచో, టిక్కెట్టు కొన్నవానికి మర్యాదతో పనియేమని కొందఱందురు. ఈ మాట యెంతవఱకు నిలుచునో నేడు విచారింతము.

చూచువానికి లక్షణము చెప్పిన ప్రాచీనుడు భరతముని. నాట్యశాస్త్రమునందు ఆయన నటునికే గాక ప్రేక్షకునికిని గుణములు నిర్ణయించెను. పాత్ర సంతోషించునపుడు సంతోషించి, శోకించునపుడు శోకింపగలవాడే ప్రేక్షకుడని ఆయన మతము. సభలోని చిఱునవ్వు, పెద్దనవ్వు, ‘సాధు’ అనుట, ‘అహో’ అనుట, ‘కష్టము’ అనుట, ఒడలు పులకరించుట, లేచి నిలుచుట, తుదకు వస్త్రములను ఉంగరములను విసరుట, ఇవన్నియు ప్రదర్శనము సిద్ధించినదనుటకు గుర్తులుగా ఆయన లెక్కించెను. కనుక ఈల వేయు కుఱ్ఱవానిని చూచి మనము మిక్కిలి కోపింపనక్కఱలేదు. వానికిని శాస్త్రమున కొంత చోటు కలదు.

అయితే భరతుని కాలమున నటుడు ఎదుట నిలిచియుండెను. మన తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్లారి రాఘవ యను పేర ప్రసిద్ధికెక్కిన రాఘవాచార్యులు రంగముపై నిలిచినపుడు, సభవారి చప్పట్లు ఆయన చెవిని బడెడివి. ఆయనయే 1939లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘రైతుబిడ్డ’ చిత్రమున నటించెను. 1946లో కీర్తిశేషుడయ్యెను. ఆ చిత్రమును నేడు చూచువాడు ఎంత చప్పట్లు చఱచినను ఆయనకు వినబడదు, ప్రక్కవానికే వినబడును. నాటకమునకును సినిమాకును గల భేదమిదియే. కావున సినిమాలో మర్యాద యనగా తోడి ప్రేక్షకునియెడ మర్యాద.

మన యలవాట్లు తోలుబొమ్మలాటనాటివి. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట నేటికిని ఆ బొమ్మలకు ప్రసిద్ధము. ఆ యాట రాత్రియంతయు జరుగును. పిల్లలు నిద్రపోదురు, పెద్దలు ఇంటికి పోయి వత్తురు, కేతిగాడును బంగారక్కయు వచ్చినపుడు అందఱును మేల్కొందురు. సభ చెదరినచో ఆడించువాడు కథను నిలిపి, సభ కుదిరిన పిమ్మట నడుపును. సినిమాకు ఆ దయ లేదు. క్షణమునకు 24 బొమ్మలు తెరపై సాగిపోవును. తప్పిపోయిన మాట తిరిగి రాదు. పూర్వము డేరా టాకీసులలో ఒక్కటే యంత్రముండుటచే, రీలు మార్చునపుడెల్ల దీపములు వెలిగెడివి. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషములలో ముగియును. మాటలకు అది తగిన సమయమై యుండెను. నేటి హాళ్లలో నడిమి విరామమొక్కటే కలదు.

ఇక నా తప్పును చెప్పెదను. నేను ఉద్యోగమున చేరిన తొలిదినములలో, ఒక వానలేని యేట, ఒక పల్లెకు డేరావారు వచ్చి 1963 నాటి ‘లవకుశ’ను మఱల ఆడించిరి. సీతను అడవిలో విడుచు ఘట్టము వచ్చినది. కంకంటి పాపరాజు తన ఉత్తరరామాయణమున ఈ కథను ఎట్లు నడిపెనో నేను మిత్రునికి బిగ్గఱగా వివరింపసాగితిని. నా పాండిత్యము నాకు మిక్కిలి యింపుగా నుండెను. ముందు కూర్చున్న యొక ముసలి కూలియామె వెనుదిరిగి, “అయ్యవారూ, మీకు ఇంట్లో పుస్తకముంది, పోయి సదువుకుంటారు. నాకు ఈపొద్దు ఇన్నదే గదా” అనెను. ఆ కంఠమున కోపము లేదు, బ్రతిమాలుట యుండెను. నేను తల వంచితిని.

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు సీమ మనది. అందులోను వాన తప్పిన యేట, చెనక్కాయ చేలలో పని దొరకనపుడు, కూలివాని రూపాయ యెంత బరువో మీకు నేను చెప్పనేల? ఆమె ఆ రూపాయలతో చిత్రమును కొన్నది. నా వ్యాఖ్యానమును కొనలేదు. రసము పుట్టకుండ అడ్డుపడు విఘ్నములను అభినవగుప్తాచార్యులు ఏడింటిని చెప్పెను. తన సుఖదుఃఖములలో తానే మునిగియుండుట అందులో నొకటి. ఆమె తన కష్టమును మఱచి సీత కష్టమునకు ఏడ్చుచుండగా, నేను ఆమెను మఱల లోకమునకు లాగితిని. అదియే నా అపరాధము.

కావున ఆచరింపదగినవి కొన్ని మనవి చేయుదును. ఆట మొదలగుటకు ముందే పోయి కూర్చుండవలెను. వెలుతురునుండి వచ్చిన కంటికి చీకటి పూర్తిగా అలవడుటకు ఇరువది నిమిషములకు పైగా పట్టును, అంతలో ఎందఱి కాళ్లో త్రొక్కుదుము. తలపాగా తీసి ఒడిలో పెట్టుకొనవలెను. డేరాలో ఇసుక దిబ్బగా పోసి కూర్చుండినవారు, వెనుకనున్నవారిని అంతకంటె పెద్ద దిబ్బ పోయునట్లు చేసిరి. కుర్చీల హాలులో కాళ్లు చాచుటయు ఆ జాతిదే. చేతిఫోను వెలుగు చీకటిలో పదిమంది కన్నులను బొడుచును; దానిని ఆర్పవలెను. బిడ్డ యేడ్చినచో తల్లిని విసుగుకొనక దారి యీయవలెను. కథ ముందే తెలిసినవాడు దానిని మనసులోనే ఉంచుకొనవలెను.

బీడీ సంగతి వేఱు. 1950 ప్రాంతమువఱకు ఫిలిము నైట్రేటుతో చేయబడి, నిప్పురవ్వకే భగ్గుమనెడిది. ఆ భయము తొలగినను, 2008 అక్టోబరు 2 నుండి బహిరంగస్థలములలో పొగత్రాగుట చట్టరీత్యా నిషిద్ధము. జనగణమన విషయమున, 2016లో సుప్రీంకోర్టు ప్రతి యాటకు ముందును వినిపింపవలెనని యాజ్ఞాపించి, 2018 జనవరి 9న ఆ నిర్బంధమును సడలించినది. వినిపించినచో లేచి నిలువవలెను. లేవలేని యశక్తుని గద్దింపరాదు.

పెద్దలు ఎట్లు కూర్చుందురో పిల్లలు అట్లే కూర్చుందురు. కన్నీరు తుడుచుకొనుటకు ప్రక్కవానికి కొంచెము నిశ్శబ్దము మిగిల్చినచో, అదియే సినిమా మర్యాద. ఇక సెలవు.