ఒకే తుపాకీ, మూడు తూటాలు

ఎన్‌కౌంటర్ జరిగిన మర్నాడు మన పత్రికల్లో వచ్చే వార్తకు చివర ఒక జాబితా ఉంటుంది. ఒక ఎస్‌ఎల్‌ఆర్, రెండు త్రీ నాట్ త్రీలు, ఒక 8 ఎంఎం రైఫిల్, ఇన్ని తూటాలు స్వాధీనం అంటూ. చదివి పేజీ తిప్పేస్తాం. కాస్త ఆగి చూస్తే అందులో చాలావరకు తుపాకుల పేర్లు కావు, తూటాల కొలతలు. త్రీ నాట్ త్రీ అంటే .303 అంగుళాలు. 8 ఎంఎం అంటే .315 అంగుళాలు. ఏ తూటాకి తయారైందో ఆ పేరే రైఫిల్‌కు ఇంటిపేరుగా స్థిరపడిపోయింది.

మరి ఆ ఇంటిపేరు మార్చవచ్చా? ఒక తూటా కోసం తయారైన బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో మరో తూటా పేల్చవచ్చా? పేల్చవచ్చు. సైన్యాలూ ప్రభుత్వ కర్మాగారాలూ ఈ పని పెద్ద ఎత్తున చేశాయి. కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అయితే, మన త్రీ నాట్ త్రీని, అంటే లీ-ఎన్‌ఫీల్డ్ అనే ఒకే నమూనాను మూడు వేర్వేరు తూటాలకు అనువుగా మలిచింది. ఎలా మలిచిందన్నదానికంటే, ఎందుకు మలచాల్సి వచ్చిందన్నదే నాకు ఆసక్తిగా కనిపిస్తుంది.

ముందు యంత్రం సంగతి. బోల్ట్ పిడి ఎత్తి వెనక్కి లాగితే పేలిన తూటా తొడుగు బయటపడుతుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్‌లోని కొత్త తూటా ఛాంబర్‌లోకి వెళ్తుంది. పిడి కిందికి దించితే బోల్ట్ బిగుసుకుంటుంది. తూటా మార్చాలంటే బారెల్ (గొట్టం) ఒక్కటి మారిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. తూటా కూర్చునే ఛాంబర్ దాని ఆకారానికి అతికినట్టుండాలి. బోల్ట్ ముఖం తూటా అడుగుకు సరిపోవాలి. దాన్ని పట్టి లాగే కొక్కెం, తూటాలను పైకందించే మ్యాగజైన్, దూరాన్ని బట్టి గురి సరిచేసే సైటు, అన్నీ పాత తూటా లెక్కల మీద తయారైనవే. ఇవన్నీ కుదిరాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: కొత్త తూటా పీడనాన్ని పాత ఉక్కు తట్టుకుంటుందా?

.303 తూటాను పక్కనుంచి చూడండి. అడుగున ఇత్తడి అంచు ఒకటి చుట్టూ పొడుచుకొచ్చి ఉంటుంది. తొడుగు అడుగు భాగం వ్యాసం 11.7 మిల్లీమీటర్లయితే ఆ అంచు వ్యాసం 13.7 మిల్లీమీటర్లు. కుండ మీద మూత తన అంచుతో ఆగినట్టే, ఈ తూటా ఛాంబర్ నోటి దగ్గర అంచుతో ఆగుతుంది. ఆ అంచుతో ఒక తంటా కూడా ఉంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడిందంటే రెండూ మెలేసుకుని, సరిగ్గా అవసరమైన క్షణంలోనే బోల్ట్ కదలకుండా మొరాయిస్తుంది.

నాటో దేశాల 7.62 మిల్లీమీటర్ల తూటాకు ఆ తంటా లేదు. దాని అడుగు దాదాపు తొడుగుతో సమంగా ఉంటుంది. అది ఛాంబర్‌లో ఆగేది తన భుజం మీద, అంటే తొడుగు సన్నబడే చోట. అంటే .303 రైఫిల్‌ను 7.62కు మార్చడమంటే తూటా ఎక్కడ ఆగాలన్న సూత్రాన్నే మార్చడం. పైగా .303 పేలినప్పుడు పుట్టే పీడనం వాతావరణ పీడనానికి సుమారు 3,600 రెట్లయితే, 7.62ది సుమారు 4,100 రెట్లు. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్‌ను పట్టి ఉంచే చెవులేమో వెనక భాగంలో ఉంటాయి. పేలిన ప్రతిసారీ ఆ ఉక్కు కాస్త సాగి మళ్లీ మామూలవుతుంది. అందుకే ఈ మార్పు చేతి పనితనంతో తేలే వ్యవహారం కాదు.

ఇక ఇషాపూర్ మలిచిన మూడు రూపాలు. మొదటిది .410 మస్కెట్. దీని వెనక నీడ 1857ది. సిపాయిల తిరుగుబాటు తూటాకు పూసిన కొవ్వుతో రాజుకుందని బడిలోనే చదువుకున్నాం. ఆ తర్వాత జరిగింది పాఠాల్లో తక్కువ కనిపిస్తుంది. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లుంటాయి. అవి గుండును తిప్పి దూరం పంపుతాయి. తిరుగుబాటు ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ సిపాయిల కోసం గాళ్లు లేని నున్నని గొట్టంతో ‘1858 నమూనా’ తుపాకీ తయారు చేయించింది. తెల్ల సోల్జరు చేతిలో ఉన్నదానికంటే మన సిపాయి చేతిలోది ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉండాలన్నది లెక్క. .410 మస్కెట్ ఆ లెక్కకు కొనసాగింపే. .303 రైఫిల్ గొట్టాన్ని నున్నగా తొలిచి వెడల్పు చేశారు, మ్యాగజైన్‌కు చెక్క దిమ్మ అడ్డం పెట్టారు. ఇక ఒక్కో తూటా చేత్తో పెట్టి పేల్చాల్సిందే. తూటా కూడా .303 తొడుగు నుంచే పుట్టింది, మెడ నొక్కకుండా తిన్నగా వదిలేశారంతే. పోలీసులకూ జైలు కాపలాదారులకూ ఇచ్చింది దీన్నే. రైఫిల్‌లా కనపడాలి, రైఫిల్‌లా పేలకూడదు! తుపాకీని బాగుచేయడానికి మార్పులు చేస్తారనే మనం అనుకుంటాం. ఇక్కడ పాడు చేయడానికే కర్మాగారాన్ని నడిపారు.

రెండోది .315. దీని కథ మరీ విచిత్రం. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి చిక్కకూడదని పాలకులు నిషేధించారు. వేటగాళ్లకు, పంట కాపలా పెట్టుకునే భూస్వాములకు రైఫిల్ కావాలి. దాంతో ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్‌లిచర్ తూటాను తెచ్చి అదే లీ-ఎన్‌ఫీల్డ్ చట్రంలో ఇమిడ్చారు. దానికీ అడుగున అంచు ఉంది కాబట్టి పని పెద్దగా చిక్కుల్లేకుండా సాగింది. దీని గుండు .303 గుండు కంటే లావు. అంటే భయం గుండు దెబ్బను చూసి కాదు, సైన్యం గోదాముల నుంచి తూటాలు జారిపోతాయని. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పద్ధతి అలాగే ఉండిపోయింది. .303 నిషిద్ధ బోరు (గొట్టం కొలత), .315 లైసెన్సు మీద దొరికే బోరు.

మూడోది యుద్ధం తెచ్చిన మార్పు. 1962లో చైనాతో తలపడినప్పుడు మన జవాన్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది త్రీ నాట్ త్రీయే. సైన్యం 7.62 తూటాకూ దాన్ని పేల్చే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌కూ (ఎస్‌ఎల్‌ఆర్) మారుతోంది కానీ అందరికీ సరిపడా ఎస్‌ఎల్‌ఆర్‌లు రాత్రికి రాత్రి రావు. అందుకే ఇషాపూర్‌లో 7.62 పేల్చే లీ-ఎన్‌ఫీల్డ్ పుట్టింది. మొదట 2ఏ, కొద్దికాలానికే 2ఏ1. ఇవి పాత .303లకు కొత్త బారెల్ తగిలించినవని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పీడనం పెరిగిందని మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసినవి. పన్నెండు తూటాలు పట్టే మ్యాగజైన్ పెట్టారు. దాని అడుగు పాతదానిలా వాలుగా కాక పెట్టెలా చదరంగా ఉంటుంది. రెండింటినీ దూరం నుంచే పోల్చుకోవడానికి ఆ ఒక్క గుర్తు చాలు. 2ఏ1లో సైటును 2,000 నుంచి 800 మీటర్లకు కుదించారు. సరైన నిర్ణయమే. రెండు కిలోమీటర్ల అవతలి మనిషిని మామూలు సైటుతో గురిచూసి కొట్టే సిపాయి ఎక్కడున్నాడు?

ఉన్న రైఫిళ్లనే మార్చిన దేశాలూ ఉన్నాయి. ఇజ్రాయెల్ 1948 నాటి యుద్ధానికి చెకొస్లొవేకియా నుంచి జర్మన్ నమూనా మౌజర్ రైఫిళ్లు కొన్నది. యూదులను ఊచకోత కోసిన నాజీ సైన్యం ముద్రలు కొన్నింటి మీద అలాగే ఉన్నాయి. తర్వాత వాటిని 7.62కు మార్చింది. మౌజర్ తూటా, 7.62 తూటా రెండింటి అడుగు వ్యాసం ఒకటే, సుమారు 12 మిల్లీమీటర్లు. బోల్ట్ ముఖం జోలికి పోనక్కరలేదు. లీ-ఎన్‌ఫీల్డ్‌తో ఇషాపూర్ పడ్డ తిప్పలు వాళ్లకు లేవు. పాత తూటా పొరపాటున ఎవరూ ఎక్కించకుండా చెక్క మడమ మీద 7.62 అని పెద్దగా కాల్చి ముద్ర వేశారు. జర్మన్లు వదిలిపోయిన మౌజర్లను నార్వే అమెరికన్ .30-06కు మార్చింది. ఆ తూటా పొడవు ఎక్కువ కావడంతో లోపలికి దిగడానికి రిసీవర్ (బోల్ట్ కదిలే చట్రం) ముందు భాగంలో చిన్న గాడి కోయాల్సి వచ్చింది. బ్రిటన్ 1970 నాటికి తన పాత .303 స్నైపర్ రైఫిళ్లకు బరువైన కొత్త బారెళ్లు పెట్టి 7.62కు మార్చుకుంది. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వాటితోనే వెళ్లింది.

మన దగ్గర త్రీ నాట్ త్రీ ఇంకా చాలా ఏళ్లు పోలీసు భుజం మీదే గడిపింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినోత్సవం నాడు.

తాతల నాటి లైసెన్సు తుపాకీ ఇంట్లో ఉండి, దాని తూటా ఇప్పుడు దొరకడం లేదని మరోదానికి మార్పించాలనుకునేవారికి ఒక మాట. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీని మార్చడానికి కూడా ప్రత్యేక లైసెన్సు ఉండాలి. అది ఆ పని చేసే వృత్తిదారుకు ఇచ్చేది. మీ దగ్గరున్న లైసెన్సు దానికి చాలదు. ఊళ్లో పనితనం ఉన్న కమ్మరి దొరికాడు కదా అని అప్పగించకండి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీని మార్చే నేరానికి శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం.