పులి చేతి కంకణము

నీతికథలు చదువుకొనిన వారెవ్వరును ఆ ముసలిపులిని మరచియుండరు. చెరువుగట్టున దర్భలు చేతబూని కూర్చుండి, దారిన పోవు బాటసారిని పిలిచి, బంగారు కంకణము దానమిచ్చెదను పుచ్చుకొనుమని పలికిన పులి అది. బాటసారికి ఆశ పుట్టెను. దానితోపాటే అనుమానమును పుట్టెను. పులిని నమ్ముట ఎట్లని అడిగెను. పులి కోపింపలేదు. తాను ముసలిదైతినని, గోళ్లును కోరలును ఊడిపోయినవని, వెనుకటి పాపములకు పరిహారముగా దానధర్మములు చేయుచున్నానని నెమ్మదిగా నచ్చజెప్పెను. కడపట ఒక చిన్న నియమము పెట్టెను. చెరువులో స్నానము చేసి వచ్చి కంకణము పుచ్చుకొనవలెను. బాటసారి నీట దిగెను, బురదలో కూరుకొనెను. తరువాతి కథ అందరును ఎరిగినదే.

పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన ‘నీతిచంద్రిక’లో, మిత్రలాభమున ఈ కథ కలదు. దీనిని నేను ఇరువది యేండ్లకు పైగా పాఠము చెప్పితిని. బాటసారి అవివేకమును గూర్చి పరీక్షలలో ప్రశ్నలిచ్చి, సమాధానములకు మార్కులు వేసితిని. 2023 వేసవిలో నేనే ఆ బురదలో దిగితిని. ఆ సంగతి చెప్పుకొనుట నాకు సులభము కాదు. చెప్పకపోవుట వలన కలుగు నష్టము అంతకంటె పెద్దదని తెలిసిన పిదప వ్రాయుచున్నాను.

మా ఇంట ఒక పాత టేకు పుస్తకముల బీరువా ఉండెను. చోటు చాలక దానిని ఎనిమిది వేల రూపాయలకు అమ్మదలచి అంతర్జాలమున ప్రకటన వేసితిని. గంట గడువకమునుపే ఫోను వచ్చెను. తాను సైన్యములో పనిచేయుచున్నానని, ఈ ఊరికి బదిలీ అయినదని ఒక మనిషి మర్యాదగా మాటాడెను. సైనికుడనగానే నాకు గౌరవము కలిగెను. బేరమాడకపోవుటచే సంతోషమును కలిగెను. సొమ్ము ముందుగానే పంపెదనని చెప్పి, వాట్సాపులో ఒక క్యూఆర్ కోడు బొమ్మ పంపెను. “దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్, డబ్బు మీ ఖాతాలో పడుతుంది. ముందు రెండు రూపాయలతో చూసుకుందాం” అనెను. రెండు రూపాయలు నా ఖాతానుండి పోయెను. మరుక్షణమున నాలుగు రూపాయలు వచ్చెను. పులి చేయి చాచి కంకణము చూపుట అదియే. పిదప రెండవ కోడు పంపెను. నేను పిన్ నొక్కితిని. ఎనిమిది వేలు పోయెను.

నేను కంగారుపడగా అతడు నాకంటె ఎక్కువ కంగారుపడెను. “పొరపాటు జరిగింది సార్, రెండూ కలిపి వెనక్కి పంపుతున్నాను. ఇంకొక్కసారి స్కాన్ చేయండి” అనెను. మరల ఎనిమిది వేలు పోయెను. మొదటిసారి నన్ను దింపినది ఆశ. రెండవసారి దింపినది, పోయినదానిని రాబట్టుకొనవలెనను ఆరాటము. బురదలో చిక్కినవాడు పెనగులాడుకొలది లోనికి దిగును గదా!

తెలుగు పంతులును గనుక ఈ మోసమును తరువాత విభక్తులతో విచారించి చూచితిని. దానము పుచ్చుకొనువాడు సంప్రదానము, వానికి చతుర్థి. దేనినుండి వస్తువు తొలగిపోవునో అది అపాదానము, దానికి పంచమి. యూపీఐ చెల్లింపులో పిన్ నొక్కువాడు ఎల్లప్పుడును అపాదానమే; సొమ్ము వానినుండియే పోవును. తన ఖాతాలోని నిలువ చూచుకొనుటకు పిన్ కావలయును గాని, సొమ్ము పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కరలేదు. నా ఫోను ఆపివేసి పెట్టెలో పెట్టినను నాకు రావలసిన సొమ్ము నా ఖాతాలో చేరును. కూరగాయల బండిమీద అంటించిన కోడును స్కాన్ చేయునది కొనువాడు గాని అమ్మువాడు కాడు. బీరువా అమ్మువాడను నేను. స్కాన్ చేయవలసినవాడు అతడు. ఏడవ తరగతి పిల్లవానికి తెలిసిన ఈ సంగతి ఆ క్షణమున నాకు స్ఫురింపలేదు.

భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2016లో యూపీఐని ప్రవేశపెట్టెను. దానికి రెండు తాళములు కలవు. ఒకటి ఫోను. ఖాతాకు చేర్చిన సిమ్ము ఏ ఫోనులో నమోదైనదో ఆ ఫోనునకే యాప్ ముడిపడియుండును. రెండవది నాలుగు లేక ఆరు అంకెల పిన్. ఈ రెండును సొంతదారు చేతనే ఉండగా, దూరమున కూర్చుండినవాడు సొమ్ము లాగుట బహుకష్టము. కనుక దొంగ తాళము జోలికి పోడు. తాళపుచెవి గలవానితో మాటలు కలుపును. రహస్యమును అడిగి తెలిసికొనుటయో, మనచేతనే తాళము తీయించుటయో అతని విద్య.

పులి ఎల్లప్పుడును కంకణమే చూపదు; ఒక్కొక్కప్పుడు పంజా చూపును. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో కనబడి, నీ పేర వచ్చిన పార్సెలులో మత్తుమందులు దొరికినవని, నీ ఆధార్ సంఖ్యతో నేరములు జరిగినవని గద్దించును. ఫోను పెట్టివేయరాదు, ఇంటివారికి చెప్పరాదు, సొమ్మంతయు ‘తనిఖీ’ ఖాతాకు పంపవలెను అనును. దీనికి ‘డిజిటల్ అరెస్టు’ అని పేరు పెట్టిరి. అట్టి నిర్బంధము మన చట్టములో లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న ‘మన్ కీ బాత్’ ప్రసంగములో దేశమంతటికిని చెప్పవలసి వచ్చెను. ఇంటివారికి చెప్పవద్దన్నవాడు ఎవడైనను, ఆ మాట అన్న క్షణముననే వాడు దొంగయని గ్రహింపవచ్చును.

మరియొక పులి మన మంచితనమును ఆశ్రయించును. మీ ఖాతాకు పొరపాటున ఐదు వేలు పంపితినని, ఆసుపత్రి ఖర్చునకని, దయయుంచి తిరిగి పంపుమని ఏడ్చును. సొమ్ము వచ్చినట్లు ఒక సందేశమును కనబడును. ఆ సందేశము బ్యాంకు పంపినది కాదు. అతడే వ్రాసి పంపినది. సందేశమును చూచి కాక ఖాతా నిలువను చూచి నమ్మవలెను. నిజముగనే వచ్చియున్నచో, ఆ సంగతి బ్యాంకువారికి తెలిపి వారి ద్వారానే మరలింపవలెను.

ఇంకొకటి పెండ్లిశుభలేఖ యనియో, వాహనపు జరిమానా యనియో చెప్పి ఒక ఏపీకే ఫైలు పంపును. దానిని తెరచి యాప్‌గా ఎక్కించుకొన్నచో, మన ఫోనునకు వచ్చు ఓటీపీలను దొంగయే చదువుకొనగలడు. సహాయ కేంద్రపు సంఖ్య కొరకు అంతర్జాలమున వెదకువారికై తమ సంఖ్యలనే అచట పెట్టి కాచుకొనువారును కలరు. బ్యాంకు సంఖ్యను పాసుపుస్తకము మీదనో కార్డు వెనుకనో చూచుకొనుట మేలు. మన దేశపు బ్యాంకులు 2025లో తమ వెబ్‌సైటులను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అను చివరిమాట గల చిరునామాలకు మార్చినవి. ఆ చివరిమాటను చూచుకొనుటయు ఒక జాగ్రత్త.

దొంగలకు ఉపకరించు దారులను అధికారులు మూయుచునే యున్నారు. ఎదుటివాడు యాప్‌లోనే సొమ్ము కోరుచు పంపు అభ్యర్థనను మనము పొరపాటున అంగీకరించుటచే పలువురు నష్టపడిరి. వ్యక్తుల నడుమ అట్టి అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసిరి. అయినను పులి ఒక గట్టు మూసిన మరియొక గట్టు చేరును.

విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది ఒకటి కలదు. నీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్లు వాడుకొననిమ్ము, నెలకింత ఇచ్చెదను అని అడుగువారు కళాశాలల చుట్టును తిరుగుచుందురు. చూచుటకు అందు మోసమేమియు లేదు. పిల్లవాని సొమ్ము ఒక్క రూపాయి పోదు. కాని ఎవరినో మోసగించి లాగిన సొమ్ము ఆ ఖాతాలో దిగి, అచటినుండి ఇంకొకచోటికి పోవును. పోలీసులు వెదకికొనుచు వచ్చునది ఖాతాదారు ఇంటికే. అసలు దొంగ ఎవడో ఆ పిల్లవానికి తెలియనే తెలియదు. బాటసారిగా మోసపోవుట ఒక దుఃఖము; తెలియకయే పులి చేతి కంకణమగుట అంతకంటె పెద్ద దుఃఖము. ఖాతాను గాని, సిమ్మును గాని, ఏటీఎం కార్డును గాని అద్దెకు ఇయ్యరాదు.

ఇక నా కథలో నేను చేసిన అసలు తప్పు చెప్పవలెను. పదునారు వేలు పోగొట్టుకొనుట కాదు; రెండు దినములు నోరు మూసికొని యుండుట. భార్యకు చెప్పలేదు. కళాశాలలో చెప్పలేదు. పాఠములు చెప్పువాడు ఇట్టి పని చేసెనా యని నవ్వుదురని భయపడితిని. మూడవనాడు మా ఆవిడ ఫోనులో సందేశములు చూచి అడిగినది. విని ఒక్కటే మాట అన్నది: “ఇంట్లో దొంగలు పడితే పోలీసులకు చెప్పకుండా ఉంటామాండీ? ఇందులో మీరు సిగ్గుపడేదేముంది?” అప్పుడు 1930 సంఖ్యకు ఫోను చేసితిని. వారు లావాదేవీ సంఖ్య, సమయము, ఖాతా వివరములు అడిగి నమోదు చేసికొనిరి. సొమ్ము అప్పటికే పలు ఖాతాలు మారి చేయి దాటిపోయెను.

దొంగసొమ్ము ఒకచోట నిలువదు. అది ఖాతానుండి ఖాతాకు పరుగెత్తును. ఫిర్యాదు అందగానే ఆయా బ్యాంకులకు వార్త పంపి, ఏ ఖాతాలో ఎంత మిగిలియున్నదో దానిని కదలకుండ నిలుపుటయే 1930 వారు చేయు పని. కనుక మొదటి గంటలో చేసిన ఫోనునకున్న బలము మూడవనాటి ఫోనునకు ఉండదు. ‘సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ అను ప్రభుత్వపు చిరునామాలోను ఫిర్యాదు వ్రాయవచ్చును. బ్యాంకునకును వెంటనే తెలుపవలెను. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశములోను ఈ న్యాయమే కనబడును. ఖాతాదారు తన అజాగ్రత్తచే రహస్యము బయటపెట్టినను, బ్యాంకునకు తెలిపిన పిదప జరిగిన నష్టము అతనిది కాదని అందు నిర్ణయించిరి. అనగా నోరు తెరచిన క్షణమునుండియే రక్షణ ఆరంభమగును.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. చాల ఇండ్లలో తాతకు, అవ్వకు ఫోను చదివి పెట్టువారు మన విద్యార్థులే. తరగతిలో ఒక దినము, పాఠమునకు మారుగా, ఒక దొంగ సందేశమును నల్లబల్లమీద వ్రాసి చూపుడు. అందలి విధ్యర్థక క్రియలను గుర్తింపుమనుడు: నొక్కుము, పంపుము, తెరువుము. ‘వెంటనే’, ‘లేనిచో’ అను మాటలు ఎన్ని యున్నవో లెక్కింపుమనుడు. ఈ పని చేసినచో సొమ్ము ఎవరినుండి ఎవరికి పోవునో విభక్తులతో చెప్పుమనుడు. వ్యాకరణము ఇంతకంటె పనికివచ్చు సందర్భము అరుదు. అన్నిటికంటె ముఖ్యముగా, మోసపోయినవానిని చూచి నవ్వరాదని చెప్పుడు. మన నవ్వే దొంగకు రెండు దినముల గడువు.

ఆ బీరువా ఇంకను మా ఇంటనే యున్నది. పులికథ చెప్పిన ప్రతి సంవత్సరమును ఇప్పుడు నా కథయు చెప్పుచున్నాను. మొదట పిల్లలు నవ్వుదురు, పిదప నిశ్శబ్దమగుదురు. పోయిన సంవత్సరము పాఠము ముగిసిన తరువాత ఒక పిల్లవాడు తలవంచుకొని నావద్దకు వచ్చెను. “పొద్దున మా నాన్నకు కూడా ఇలాగే అయింది సార్. ఎవరికీ చెప్పొద్దన్నాడు” అనెను. వానిని వెంటబెట్టుకొని అధ్యాపకుల గదికి పోయి, తండ్రిని ఫోనులో పిలిపించి ధైర్యము చెప్పి, ఆయనచేతనే 1930కి చెప్పించితిని. పోయిన సొమ్ములో కొంత ఒక ఖాతాలో నిలిపివేయబడినదని వారము దినములకు తెలిసినది. ఆ కబురు చెప్పుటకు తండ్రియే స్వయముగా కళాశాలకు వచ్చెను. మేమిద్దరము చాలసేపు కూర్చుండి, సిగ్గుపడకుండ మా మా కథలు చెప్పుకొంటిమి.